గొడుగు పట్టుకున్న మనిషి

తాడేపల్లిగూడెం స్టేషన్లో పాసింజరు కదిలాక కూడా శరత్‌చంద్ర చెయ్యి చొక్కా జేబు మీదే ఉంది. జేబులో పెన్‌డ్రైవు. పెన్‌డ్రైవులో ఒక పెళ్ళి.

"పోదులే నాన్నా. బ్యాగులో పెట్టుకోమన్నానుగా," అంది సంహిత.

"జేబులోనే ఉండనీయమ్మా."

కూతురు కిటికీ పక్క సీటు తండ్రికి వదిలేసి తను ఇవతల కూర్చుంది. వాళ్ళమ్మ ఉన్నప్పుడు ఆ సీటు కోసం ఈ పిల్ల ఎంత దెబ్బలాడేదో గుర్తొచ్చి, శరత్‌చంద్ర మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఏలూరు వెళ్తున్నది కంప్యూటర్ మానిటర్ కొనడానికి. స్టూడియోలో ఉన్న పాతదానికి మొన్న వానల్లో నిలువునా ఒక ఆకుపచ్చ గీత పడింది. ఇప్పుడు సగం తెర నల్లబడిపోయింది. కొనేది ఒక్కటే. పగలు అతని పెళ్ళి ఆల్బమ్‌లకీ, సాయంత్రాలు సంహిత ఆటలకీ అదే. సంహిత ఆట అంటే ఏదో కాలక్షేపం కాదు, పోటీలకి వెళ్ళే జట్టులో ఉంది. "ఈ డొక్కుది పోయిన రోజున నీకు మంచి ఆటల స్క్రీను కొనిపిస్తానే. మీ నాన్నతో నేను మాట్లాడతాగా," అని వాళ్ళమ్మ మైత్రేయి కూతురికి మాటిచ్చింది. మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

ఆ మాట సంహితకి గుర్తుంది. శరత్‌చంద్రకీ గుర్తుంది. అయినా అతనికి కావలసింది వేరే.

పెళ్ళి ఫోటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో లైటు పట్టుకునే కుర్రాడు ఒకసారి ముహూర్తం వేళకి రాలేదు. బి.ఎస్సీ. చదివిన అతని కొత్త భార్య మైత్రేయి కొంగు బిగించి, లైటుకి తగిలించిన తెల్ల గొడుగు ఎత్తి పట్టుకుంది. ఆ రోజు నుంచీ ఆ గొడుగు ఆవిడదే. వెలుగు పెళ్ళికూతురి మీద పడాలి, గొడుగు పట్టుకున్న మనిషి మాత్రం ఫోటోలో పడకూడదు. ఆ పనిలో ఉన్న నేర్పంతా అదే. ఎప్పుడైనా ఓ మూల మోచెయ్యి వస్తే శరత్‌చంద్ర ఆ మూల కత్తిరించేవాడు. గోడ మీద నీడ పడితే తుడిచేసేవాడు. ఆల్బమ్ ఇచ్చేశాక, వచ్చే ముహూర్తాలకి చోటు కావాలని డిస్కు ఖాళీ చేసేవాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. అలా ఈ జిల్లాలో ఎన్ని పెళ్ళిళ్ళలో ఆవిడ పట్టిన వెలుగు ఉందో, అన్నిటిలోనూ ఆవిడ లేదు.

తనకి ఫోటో తీస్తానంటే అరచెయ్యి లెన్సుకి అడ్డం పెట్టేది. "మరి నాకెవరు పడతారండీ గొడుగు?" అని నవ్వేది.

అత్తగారు రాజరాజేశ్వరమ్మ పొద్దున్నే జంగారెడ్డిగూడెం నుంచి ఫోన్ చేసింది. "బాబూ, సంవత్సరీకం దగ్గరికొచ్చేసింది. గోడకి ఏ ఫోటో పెడుతున్నారండీ? పెళ్ళినాటిదే పెద్దది చేయించకూడదూ? లక్షణంగా ఉంటుంది."

"చూస్తున్నానండీ," అన్నాడు.

పెళ్ళినాటి ఫోటోలో ఉన్నది ఇంకా తనకి పరిచయం కాని పిల్ల. ఆసుపత్రిలో చివర చూసింది, నొప్పి తినేసిన మరో మనిషిని. ఆ రెంటికీ నడుమ ఇన్నేళ్ళు పక్కన ఉన్న ముఖం అతనికి జారిపోతోంది. పొద్దున్న లేవగానే కళ్ళు మూసుకుని కూడదీసుకుంటాడు. ముక్కుపుడక వస్తుంది. పాపిడి వస్తుంది. కింది పెదవి మీద చిన్న గాటు వస్తుంది. అన్నీ కలిసి ముఖం కావు. ఈ మధ్య ముక్కుపుడక ఏ వైపో కూడా తడుముకోవలసి వస్తోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

మిగిలింది గుడివాకలంక పెళ్ళి ఒక్కటే. ఆవిడ గొడుగు పట్టిన ఆఖరి పెళ్ళి. పెళ్ళికొడుకు తండ్రి బంగార్రాజుగారికి కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచి చెప్పమంటే ఏడాది దాటినా ఆ ఇంట్లో తెమల్లేదు. "మా చెల్లెలు రావాలండీ... చెరువులో చేపల పట్టుబడి అవ్వాలండీ..." అని వాయిదాలు. అప్పట్లో విసుక్కున్న శరత్‌చంద్ర ఇప్పుడు ఆ బద్ధకానికి చేతులెత్తి దండం పెడుతున్నాడు. దాని పుణ్యాన ఆ పెళ్ళి ఫోటోలు ఒక్కటీ కత్తిరించకుండా, తుడవకుండా అలాగే ఉన్నాయి. గీత పడ్డ మానిటర్ మీద ఎంత వెతికినా ఆవిడ కనబడలేదు. మంచి తెర అయితే ఏ మూలనో, ఏ చీకట్లోనో కనబడకపోతుందా అని ఆశ.

భీమడోలు దాటాక నీళ్ళు నిండిన చేల మీద తెల్ల కొంగలు లేచాయి. "నాన్నా, అటు చూడు," అంది సంహిత. చూశాడు. ఒక్క క్షణం హాయిగానే ఉంది.

ఏలూరులో అర్షద్ కంప్యూటర్ల దుకాణం పవర్‌పేటలో ఉంది. అర్షద్ అక్క హుమా పెళ్ళికి ఫోటోలు తీసింది శరత్‌చంద్రే. వీళ్ళని చూడగానే అతను స్టూలు మీది అట్టపెట్టెలు తీసి కింద పెట్టాడు.

"రండి రండి, కూర్చోండి మాస్టారూ. అమ్మాయిగారు అప్పుడే ఫోన్లో అన్నీ అడిగేశారండీ. నాకే పాఠం చెప్పేశారు." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడంగారి సంగతి ఆలస్యంగా తెలిసిందండీ. మా హుమా ఒకటే ఏడుపు. ఆ రోజు చెయ్యి నొప్పెట్టదా అక్కా అంటే, 'పెళ్ళికూతురు బరువు మోస్తున్నానా ఏంటి, గొడుగేగా' అన్నారంట. మా ఆల్బమ్‌లో ఎక్కడైనా ఉన్నారేమో చూసి చెప్పమంటారా?"

"అందులో లేదు బాబూ. నేనే తుడిచేశాను," అన్నాడు శరత్‌చంద్ర.

అర్షద్ టీ చెప్పొస్తానని లేచి వెళ్ళాడు.

బల్ల మీద రెండు మానిటర్లు పక్కపక్కన వెలుగుతున్నాయి. ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి వంపు తిరిగి, అంచున ఎర్ర దీపాలతో పెళ్ళి స్టేజీలా ఉంది. రెండోది బడిలో నల్లబల్లలా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది.

"ఇది ఆటలదండీ," అన్నాడు తిరిగొచ్చిన అర్షద్. "బొమ్మ కదిలితే కన్ను పట్టుకోలేదు, అంత స్పీడు. ఇంకో సుగుణం ఏంటంటే, ఈ బటన్ నొక్కితే చీకట్లో దాక్కున్న శత్రువు కూడా బయటపడతాడండీ."

శరత్‌చంద్ర గభాలున లేచాడు. "చీకట్లో ఉన్న మనిషి కనిపిస్తాడా?"

"కనిపిస్తాడండీ."

"అయితే ఇదే ఇచ్చెయ్యి."

సంహిత తండ్రి వంక వింతగా చూసింది. తను కోరుకున్నది అడక్కుండానే వస్తోంది. అయినా ఆ పిల్ల మొహంలో సంతోషం లేదు. "నాన్నా, ఆ పెన్‌డ్రైవులో ఏముంది?"

అతను దాన్ని తీసి అర్షద్ చేతికిచ్చాడు. వేలితో చూపిస్తూ ఫోటోలు జరిపించి ఒక దగ్గర ఆపించాడు. గుడివాకలంక పందిరి. తలంబ్రాలు. వెనక అరటి బోదెల పక్కన చిక్కటి చీకటి. "ఇక్కడ నొక్కు బాబూ. ఆ బటను."

అర్షద్ నొక్కాడు. చీకటి బూడిదరంగులోకి తిరిగింది. అందులోంచి వంగిన భుజం లాంటిదొకటి బయటికొచ్చింది.

"అదిగో!" అన్నాడు శరత్‌చంద్ర. "అదిగో అమ్మాయ్, మీ అమ్మ!"

సంహితకి అప్పుడర్థమయింది. తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

"కుర్చీ నాన్నా. కుర్చీ మీద డోలు సంచి పెట్టారు. పట్టీ కనిపిస్తోంది చూడు."

"కాదు. సరిగ్గా చూడు."

"నేను రోజూ ఆడేది ఇలాంటి వెలుగులోనే. ఈ బటన్ లేనిదాన్ని తీసుకురాదు నాన్నా. నలుపుని బూడిద చేస్తుంది, అంతే. ఆటలో నేనూ ఎన్నోసార్లు పొదని చూసి మనిషనుకుని కాల్చేశాను."

శరత్‌చంద్ర కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ రానివ్వని ఏడుపు, కంప్యూటర్ షాపులో, అట్టపెట్టెల మధ్య వచ్చేసింది. "ముఖం గుర్తు రావట్లేదమ్మా," అన్నాడు. "మీ అమ్మ ముఖం నాకు గుర్తు రావట్లేదు."

అర్షద్ మెల్లగా వెళ్ళి షట్టరు సగానికి దించాడు. ఎవరో కీబోర్డు కోసం వస్తే, "భోజనం వేళండీ, కాసేపాగి రండి," అని పంపేశాడు.

"నాకూనూ," అంది సంహిత. "గొంతు వస్తోంది. ముఖం రావట్లేదు. నేనొక్కదాన్నే అనుకున్నా." కళ్ళు తుడుచుకుని అర్షద్ వైపు తిరిగింది. "ఆ రెండోదాంట్లో పెట్టండి అన్నయ్యా."

"అది స్పీడుండదమ్మా. మీ ఆటకి..."

"పెట్టండి."

రెండో తెర మీద అదే పెళ్ళి వేరేగా ఉంది. రంగులు మీదపడి కేకలు పెట్టడం లేదు. పసుపు పసుపులా, చెమట చెమటలా ఉంది. పట్టుచీర జరీలో ఏ పోగుకా పోగు విడివిడిగా కనిపిస్తోంది. సంహిత మౌస్ తీసుకుంది. ఆటలో గది తర్వాత గది వెతికినట్టు ఒక్కో ఫోటో మూల మూలా వెతికింది. కలశాలు, స్టీలు బిందెలు, కారు అద్దాలు. ఎక్కడా లేదు. శరత్‌చంద్ర చూడటం మానేశాడు. తన పనితనం ఎంత గట్టిదో అతనికి తెలుసు.

గౌరీపూజ దగ్గర పెళ్ళికూతుర్ని దగ్గరగా తీసిన ఫోటో ఒకటి వచ్చింది. బుగ్గచుక్క, బాసికం, తలెత్తి చూస్తున్న రెండు కళ్ళు. సంహిత ఆ కంటిని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"నాన్నా. కంట్లో ఈ తెల్లగా ఉన్నదేంటి?"

"గొడుగు," అన్నాడు తల ఎత్తకుండానే. "లైటు గొడుగు కళ్ళల్లో పడుతుంది. ఆల్బమ్ చేసేటప్పుడు దాన్ని తీసేసి చిన్న తెల్లచుక్క పెడతాం. కళ్ళు మెరుస్తాయని."

"దీంట్లో తియ్యలేదు కదా?"

"ఇంకా ముట్టుకోలేదుగా."

అన్న తర్వాత అతనికి తను ఏమన్నాడో తెలిసింది. తలెత్తాడు.

నల్లటి కనుపాపలో ఓ తెల్ల గొడుగు, గోరంత. దాని కింద ఓ మనిషి. బొడ్డున దోపిన కొంగు. పైకెత్తిన మోచెయ్యి. తల గొడుగు అంచు దాటి ఒక పక్కకి వంగి ఉంది. ముఖం ఉండవలసిన చోట చిన్న గోధుమరంగు మచ్చ. సంహిత ఇంకాస్త పెద్దది చేసింది. మచ్చ గడులుగా విడిపోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది.

"ముఖం లేదు," అంది.

"లేదు," అన్నాడు శరత్‌చంద్ర.

కానీ ఆ వంగిన తల వంక నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ప్రతి ఫోటోకి ముందూ మైత్రేయి వెలుగు సరిపోయిందా అని అలాగే గొడుగు పక్కనుంచి తొంగి చూసేది. మంత్రాల హోరులో మాట వినపడదని, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపేది: "చాలా?" ఇతను తల ఊపేవాడు. ఏ పెళ్ళి చూసినా అంతే. చాలా? చాలు. ఆ పెదవులు ఇప్పుడు అతని మనసులో కదిలాయి. కింది పెదవి మీద గాటుతో సహా. మిగతా ముఖం రాలేదు. వచ్చినంతవరకు అతను కదలకుండా కూర్చుని చూశాడు, బెదిరితే పోయే పిట్టని చూసినట్టు.

"ఇది ఇచ్చెయ్యండి అన్నయ్యా," అంది సంహిత నల్లబల్ల లాంటి తెరని చూపించి.

"మీ అమ్మ నీకు మాటిచ్చిందమ్మా," అన్నాడు శరత్‌చంద్ర.

"అమ్మ మాట కన్నా అమ్మే నయం కదా నాన్నా. దీంట్లోనూ ఆడుకుంటాలే. ఓడిపోతే తెరని తిడతాను."

సంవత్సరీకం నాడు గోడ మీద పెళ్ళినాటి ఫోటోయే పెట్టారు. బతికి పిల్లాపాపలతో ఉండవలసిన గుడివాకలంక పెళ్ళికూతురి ఫోటోకి దండ వేయకూడదు. అందుకని మైత్రేయి ఉన్న ఆ ఒక్క ఫోటో గోడకెక్కడానికి లేదు. రాజరాజేశ్వరమ్మ, "లక్షణంగా ఉందండీ," అని కళ్ళొత్తుకుంది.

ఆల్బమ్ గుడివాకలంక చేరాక బంగార్రాజుగారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, ఆల్బమ్ బ్రహ్మాండంగా ఉందండీ. మా చెల్లెలు కూడా వంక పెట్టలేకపోయింది. అయితే మొదటి పేజీ నిండా మా కోడలి మొహం వేశారు చూడండి, అది మేం సెలెక్ట్ చేసినవాటిలో లేదే అంటున్నారండీ ఇంట్లో."

"అది నా తరఫునండీ," అన్నాడు శరత్‌చంద్ర.

"అలాగా! బాగుందండీ, చాలా బాగుంది. ఆ కళ్ళలో ఏదో ఉందండీ."

"ఉందండీ," అన్నాడు. "జాగ్రత్తగా ఉంచండి. తడి తగలనివ్వకండి."