గౌరునాయుడి అతుకు

నేను ఒక చేపల తొట్టిని. విజయనగరంలో అద్దాలు కోసే గౌరునాయుడు తన దుకాణంలో మిగిలిన పలకలతో నన్ను ఇంటి కోసం చేసుకున్నాడు. మూలల్లో సిలికాన్ గమ్ము పోసి, వేలితో నున్నగా దిద్దుతుంటే భార్య సూరీడమ్మ అన్నానికి పిలిచింది. అటు తిరిగి చూస్తూ ఆరని గమ్ములో బొటనవేలు ఆనించేశాడు. ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. ఆమె దాన్ని చూపించి నవ్వినప్పుడల్లా రేపు గీకి మళ్లీ పోస్తాననేవాడు. రేపటి మీద మనుషులకుండే నమ్మకం నాకెప్పుడూ వింతే.

కిందటి వానాకాలం జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆయన పెంచిన రెండు బంగారు చేపలు, నేను ఆమెకు మిగిలాం. ఎండలు ముదిరేసరికి నా అతుకులు వదిలి నేలంతా తడిసింది. చేపలు ప్లాస్టిక్ బకెట్లోకి మారాయి. ఆ ఇరుకులో, ఆ వేడికి పైకి తేలి నోళ్లు తెరిచేవి. గోడవారన ఖాళీగా పడి ఉన్న నాకు నీళ్ల బరువు కోసం ప్రాణం కొట్టుకునేది.

సూరీడమ్మ బ్లేడు పట్టుకుని కూర్చుంది. పాత గమ్మంతా గీకి, అద్దం శుభ్రంగా తుడిచి, కొత్తది పోసింది. వేలిముద్ర ఉన్న మూల మాత్రం గీకలేదు. ముద్ర కప్పుకుపోకుండా దాని అంచుల వెంబడే పూసింది. గదంతా పుల్లటి వాసన. బాగా ఆరాక నీళ్లు పోస్తే, సరిగ్గా ఆ మూల నుంచే సన్నగా కారింది.

అన్న దుకాణం ఇప్పుడు చూసుకుంటున్న మరిది తవిటయ్య వచ్చి వంగి చూశాడు.

"పాతదాని మీద కొత్తది అంటదొదినా. ఆ మూల కూడా గీకీయాల."

"అది మీ అన్న ఏలు బాబూ. నానెలా గీకీను?"

తవిటయ్య తనే గీకుదామని బ్లేడు అందుకోబోయి, ఆగి, ఆమె దగ్గరే వదిలేశాడు. బకెట్లో ఒక చేప పక్కకు ఒరిగి, కష్టం మీద మళ్లీ నిటారుగా అయింది. ఆమె చాలాసేపు దానివైపే చూసింది.

తర్వాత తనే గీకింది. నా ఒంటి మీద బ్లేడు అంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు. ముద్ర చెడకుండా వస్తుందనుకుంది కాబోలు. ఊడిన గమ్ము ముడుచుకుపోయి, అరచేతిలో ఎవరి వేలూ కాని చిన్న చుట్ట అయింది. దాన్ని విప్పి చూసింది, మళ్లీ విప్పి చూసింది. చివరికి తుక్కులో వేసి, మొహం కడుక్కుని వచ్చి, ఆ మూల కొత్త గమ్ము పోసి తన వేలితో దిద్దింది.

ఈసారి నీళ్లు నిలిచాయి. కింద పరిచిన కాగితం మర్నాటికీ పొడిగానే ఉంది. చేపలను వదిలితే కాసేపు తికమకగా తిరిగాయి. మేత డబ్బా చప్పుడు వినగానే రెండూ కుడి అద్దానికి మూతులు ఆనించాయి. గౌరునాయుడు నిలబడి మేత వేసిన వైపు అది. ఆయన పోయాక సూరీడమ్మ ఎడమ వైపు నుంచే వేస్తోంది. అవి ముందు అటు వెళ్లి వెతికి, తర్వాత ఇటు వచ్చేవి. ఈ రోజు ఇటు రాలేదు. అక్కడే ఎదురుచూస్తున్నాయి.

సూరీడమ్మ కాసేపు చూసింది. డబ్బా పట్టుకుని అటు వెళ్లి నిలబడింది.