నీలం తిరిగిన కాలు

మా ఊళ్లో ఏ బాలింత ఒళ్లయినా మా అమ్మ చేతికిందే బాగుపడాలి. మంత్రసాని కాబట్టి అమ్మను అందరూ బిదాన్ ఎసా అంటారు. ఆవిడ పిసికిందంటే ఒంట్లో చేరిన గాలి దిగిపోతుందని మలేషియాలోని మా కెలంతాన్‌లో సగం మంది నమ్మకం. ఆ పేరు చూసుకుని అమ్మకు కాస్త మిడిసిపాటు కూడా ఉంది, దాచడం ఎందుకు?

అలాంటి అమ్మ కళ్లముందే మా చెల్లెలు హస్నీ ఎడమకాలు తొడ దాకా వాచిపోయింది. పురుడై వారమే. పొట్టకు గుడ్డ బిగించి, నిప్పుల పక్కన వెచ్చగా పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి కాలు నీలం తిరిగింది. వేలు తగిలితే చాలు, గిలగిల్లాడిపోతోంది.

"గాలి చేరింది. కాసేపు పిసికితే అదే దిగుతుంది," అంటూ అమ్మ అల్లం నూనె కాచింది.

నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. క్లినిక్ నర్సుకు ఫోన్ చేశాను. కాలి రంగు చెప్పగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"తొడలో పెద్ద సిర రక్తం గడ్డకట్టి మూసుకుపోయినట్టుంది. ఆ కాలు ఎవరూ పిసకొద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనిషి దక్కదు. వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరండి."

ఆ మాటే చెప్తే అమ్మ నవ్వింది.

"నిన్నగాక మొన్న సూది పట్టిన పిల్ల నాకు చెప్తుందటే? గడువు తీరకుండా బాలింత గడప దాటుతుందా?"

"అమ్మా, ఆ నూనె అక్కడ పెట్టు."

"పక్కకు జరుగు."

నేను జరగలేదు. గిన్నె లాక్కుని కిటికీలోంచి మట్టిలో పారబోశాను. అమ్మ చెయ్యెత్తింది. కొట్టేదే.

"అమ్మా, నా పాదం ఉందా? నాకు తెలియట్లేదు," అంది హస్నీ.

ఎత్తిన చెయ్యి దిగింది. అమ్మే హస్నీ భుజాలు పట్టి లేపింది.

పసిదాన్ని చెల్లెలి మొగుడికి అప్పగించి కారు తీశాను. వెనకసీట్లో ఆ కాలు అమ్మ ఒళ్లో ఉంది.

"ఒక్కసారి పిసకవే అమ్మా, చచ్చిపోతున్నా," అని హస్నీ ఏడుస్తోంది. అద్దంలో చూశాను. అమ్మ చేతులు తొడ మీదకు వెళ్తున్నాయి.

"అమ్మా!" అని అరిచాను.

అమ్మ రెండు చేతులూ తన కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. ఆసుపత్రి దాకా అలాగే కూర్చుని కూతురితో పాటు ఏడ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి, సిరలోంచి గడ్డ తీసేశామనీ, ప్రాణానికీ కాలికీ భయం లేదనీ చెప్పింది. నేను రెండు చేతులూ చాచి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అమ్మ మాత్రం డాక్టరమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"డాక్టరమ్మా, ఒకటడుగుతా. మా పొరుగింటి లిమాకు కాన్పయ్యాక కాలు ఇలాగే నీలం తిరిగింది. నేను పిసికాను. హాయిగా ఉందని లేచి నిలబడింది. అంతలోనే ఊపిరందక నా చేతుల్లోనే పోయింది. బాలింత దెయ్యం పట్టిందన్నారు. నేనూ అదే అన్నాను. అదీ ఇదేనా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"చూడకుండా నేనేం చెప్పగలనమ్మా?" అంది మెల్లగా.

"నేను చూశాను," అంది అమ్మ.