గాలికొండ దగ్గర విప్పిన చక్రం

నేను ఒక రేసు సైకిలు ముందు చక్రాన్ని. జట్టు మేనేజరు జగపతిరాజు పేరు వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తనది కాని నన్ను ఒకడికి ఇప్పించాడు, ఆ తర్వాత ఇంకొకడికి తానే దానం చేశాడు.

నన్ను కట్టింది నూకరాజు. ఏడో తరగతిలో బడి మానేసి అనకాపల్లి సైకిలు షాపులో చేరిన మనిషి. నా ఇరవై ఎనిమిది స్పోకులూ తన చేత్తోనే బిగించాడు. జట్టులో చేరాక పదకొండేళ్లు పెద్ద ఆటగాళ్లకి గాలి తగలకుండా ముందు తొక్కాడు, వాళ్ల నీళ్లసీసాలు మోశాడు. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి. విశాఖ నుంచి అరకు దాకా ఒక్కరోజు పందెం, అదే అతనికి ఆఖరిది. గెలిచినవాడికి రియల్ ఎస్టేట్ కంపెనీ ఇంటిస్థలం ఇస్తానంది. నూకరాజు పెళ్లైన దగ్గర్నుంచీ అద్దెగదిలోనే ఉన్నాడు.

"కొండమీద ఎవడికి సత్తువుంటే ఆడిదేరా," అన్నాడు పొద్దున జగపతిరాజు.

గాలికొండ మలుపు దాటేసరికి అందరికంటే ముందు ఇద్దరే మిగిలారు. నూకరాజు, జట్టు నాయకుడు విక్రాంత్. అప్పుడు విక్రాంత్ ముందు చక్రం పంక్చరైంది. జట్టు కారు ఎక్కడో వెనక గుంపులో ఇరుక్కుంది. నూకరాజు ఆగకుండా పోతే చాలు.

అతని చెవిలో వైర్‌లెస్‌లోంచి జగపతిరాజు అరిచాడు. "ఒరే నూకరాజూ, నీ చక్రం ఇప్పి ఆడికిచ్చీరా!"

"మరి నాకేటి మిగుల్తాది సార్?"

"పేరు మిగుల్తాదిరా బాబూ! బేగి!"

నాయకుడి చక్రం పోతే సహాయకుడు తనది ఇవ్వాలి, జట్టుల్లో ఆచారమది. మనుషులు దాన్ని త్యాగమంటారు. చేసేవాడు మాత్రం ఎప్పుడూ ఒక్కడే. నూకరాజు బ్రేకు పట్టాడు. నన్ను విప్పి విక్రాంత్ సైకిలుకి బిగించాడు.

"అన్నా, నీ రుణం ఉంచుకోను," అంటూనే విక్రాంత్ సైకిలెక్కేశాడు.

"ఎల్లరా ఎల్లు, ఎనక్కి సూడకు."

సిల్వర్ ఓక్ చెట్ల కింద, గాలిపోయిన చక్రం చేత్తో పట్టుకుని, నూకరాజు అక్కడే నిలబడిపోయాడు.

అరకులో ముగింపు గీత అందరికంటే ముందు దాటింది నేనే. చప్పట్లు వినిపిస్తుంటే సిగ్గేసింది. జగపతిరాజు వేదిక మీదే నన్ను కంపెనీవాళ్లకి కానుకగా ఇచ్చేశాడు. ఇప్పుడు వాళ్ల ఆఫీసులో గాజుపెట్టెలో ఉన్నాను. కింద 'విజేత చక్రం' అని రాశారు.

మొన్నామధ్య నూకరాజు వచ్చాడు. "ఓ స్పోకు ఒదులైందండి, బిగించీమంటారా?" అనడిగాడు.

"ముట్టుకోకండి, అది గెలిచినోళ్లది," అన్నాడు ఆఫీసు కుర్రాడు.

నూకరాజు గోడ మీద లేఅవుట్ పటంలో విక్రాంత్ పేరు రాసిన గడి ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. సబ్బవరం వెంచరు, ప్లాటు నంబరు నలభై ఒకటి, తూర్పు ముఖం, నూట అరవై ఏడు గజాలు.