నిల్వ నిండేదాకా

ఐరన్ మాత్రలు ఆపేశానని నవత గర్వంగానే చెప్పింది. తార్నాకలో క్లినిక్ నడిపే డాక్టర్ సుధామయి కళ్ళజోడు మీదుగా చూసింది.

"ఎందుకాపావమ్మా?"

"రక్తం ఎనిమిది నుంచి పన్నెండుకొచ్చింది గద మేడం. ఇంకేం గావాలె?"

"మరి ఈ నీరసం, ఈ జుట్టు ఊడటం?"

నవత తల దించుకుని, భుజమ్మీద రాలిన వెంట్రుకను వేలికి చుట్టుకుంది. పొద్దున యూనివర్సిటీ క్లాసుల్లో కూర్చుని, సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు తెలంగాణ దీక్ష టెంటులో గొంతు చించుకునే పిల్ల అలా తల దించుకోవడం అరుదు.

సుధామయి రిపోర్టులో చివరి వరుస మీద వేలు పెట్టింది. "వేసుకున్న మాత్రలన్నీ రక్తానికే సరిపోయాయి. ఒంట్లో దాచుకున్న ఇనుము ఇంకా అడుగునే ఉంది. అది నిండాలంటే మరో మూడు నెలలు వేసుకోవాలి." చిన్నగా నవ్వింది. "డిసెంబర్‌లో తెలంగాణ ప్రకటన రాగానే టెంటు పీకేశారా?"

"పీకినం. పటాకులు గూడ కాల్చినం." నవత గొంతు తగ్గింది. "రెండు వారాలకే మాట మార్చిన్రు. మళ్ల కట్టినం."

"మరి మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

గుంటూరు నుంచొచ్చిన డాక్టర్ నోట ఆ మాట నవతకు చురుక్కుమంది. "మూడు నెలలా! గంతలోపు రాష్ట్రమే వస్తది మేడం."

"పందెం. నీ రాష్ట్రం ముందా, ఒంట్లో ఇనుము నిల్వ ముందా? ఓడినవాళ్ళు చాయ్ తాగించాలి."

జూన్‌లో కొత్త రిపోర్టు వచ్చింది. నిల్వ నిండింది. నవతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గెలిచిన చాయ్ తాగడానికి ఎక్కడికి రావాలని సుధామయి అడగలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు టెంటు ఇంకా అలాగే ఉంది.