సుజల మధ్యాహ్నాలు

సుజల నవ్వుతూ ఇంటికొచ్చిన రోజే సరళాదేవికి అనుమానం మొదలైంది.

ఎనిమిదేళ్ల పిల్ల నవ్వితే ఏ తల్లికైనా సంతోషమే. కానీ సుజల ఊరికే నవ్వే పిల్ల కాదు. మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే గొంతు చించుకుని అరుస్తుంది. హైదరాబాదు డాక్టరు దానికి ఆటిజం అని పేరు చెప్పాడు. "మందు లేదమ్మా. పాపకు దేంట్లో సంతోషం ఉందో వెతకండి. దొరికాక మీరూ అందులోకి వెళ్లండి" అన్నాడు.

సరళాదేవి బి.ఏ. చదివింది. చెప్పిన పనిని చెప్పినట్టు చేసే మనిషి. కోరుట్ల బజారులో దొరికేవన్నీ తెచ్చింది. పూసలు తెస్తే సుజల గచ్చు మీద దొర్లించి వదిలేసింది. రంగు పెన్సిళ్ల మొనలు విరిచింది. దూలానికి ఊయల కట్టిస్తే దాని కింద కూర్చుంది. గవ్వలు, గచ్చకాయలు, చెక్కబొమ్మలు ఒక్కొక్కటే అటకెక్కాయి.

అలాంటి పిల్ల మధ్యాహ్నం నాయనమ్మ తారాబాయి వెంట బయటికి వెళ్లి, గౌను ముందుభాగం తడిసి, వేళ్ల కొసలు నల్లబడి, తనలో తాను నవ్వుకుంటూ వచ్చింది. ఒంటి నుంచి ఏదో వాసన. పొగ కాదు, మట్టి కాదు. ముక్కుకు ఘాటుగా తగిలే వాసన.

"యాడికి పోయిండ్రు అత్తమ్మా?"

"యాడికి పోతం? హనుమాండ్ల గుడికి పోయినం."

"గౌనంత తడిసింది గదా?"

"తీర్థం ఒలకవోసుకున్నది."

గౌను తడిసేంత తీర్థం పోసే పూజారి ఆ ఊళ్లో లేడు. పైగా మధ్యాహ్నం ఆ గుడి మూసి ఉంటుంది. 

మరునాడూ వెళ్లారు. ఆ తర్వాతా వెళ్లారు. మామగారు కునుకు తీసే ముందు వాకిలి వదిలి, పెరటి తలుపు లోంచి. గుడికి పెరటిదారిన ఎవరు పోతారు?

ఆమె భయానికి కారణం ఉంది. నిరుడు పోచమ్మ బోనాలప్పుడు ఆమె పుట్టింటికి వెళ్లగానే, తారాబాయి "పిల్లకు గాలి సోకింది" అని ఒక శివసత్తును ఇంటికి పిలిపించింది. పూనకంలో ఉన్న ఆ మనిషి సుజల జుట్టు పట్టుకుని వేపమండలతో కొట్టింది. ఆ తర్వాత చాలాకాలం సుజల తల దువ్వనియ్యలేదు. తల్లి చేతిలో దువ్వెన కనిపిస్తేనే మంచం కిందికి దూరేది. ఈమధ్యనే మళ్లీ దగ్గరికి రానిస్తోంది. ఇంకోసారి అలాంటిది జరిగితే ఈ పిల్ల తనకు దక్కదని సరళాదేవికి గట్టిగా అనిపించేది.

స్నానం చేయిస్తూ మెడ, నడుము వెతికింది. తాయెత్తు లేదు. జుట్టులో విభూతి లేదు. ఏదైనా తినిపిస్తున్నారేమోనని కనురెప్పలు ఎత్తి చూసింది. కళ్లు తేటగానే ఉన్నాయి.

"తిన్నది, పన్నది, ఏడ్వలే. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు భర్త దామోదర్‌రావు. "వకీలును నేనా, నువ్వా?"

"నవ్వు యాడికెల్లి వస్తున్నదో తెల్వాలె."

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కళ్లు మూసుకుని పడుకుంది. పెరటి తలుపు గొళ్లెం చప్పుడైన కాసేపటికి లేచి, కొంగు తల మీదికి లాక్కుని వెంట నడిచింది. అత్తగారు గుడి వైపు తిరగలేదు. బీడీలు చేసేవాళ్ల వాడలోకి మలుపు తిరిగి, భూమవ్వ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. భూమవ్వ సరళాదేవి వాళ్లింటికి బియ్యం చెరగడానికి వచ్చే మనిషి. మొగుడు దుబాయిలో ఉంటాడు. అంత ఎండలో, ఉక్కపోతలో ఎవరైనా తలుపు వేసుకుంటారా?

సరళాదేవి తలుపు తోసింది.

ఒడిలో చాట పెట్టుకుని భూమవ్వ బీడీలు చుడుతోంది. తారాబాయి మూలన పీట మీద ముఖం దాచుకున్నట్టు కూర్చుంది. సుజల నేల మీద ఉంది. ముందు తడి గోనె, దాని మీద కత్తిరించిన తునికాకులు. ఆకు కత్తిరించడానికి కొలతగా పెట్టుకునే రేకు ముక్క పిల్ల చేతిలో ఉంది. ఒక ఆకు తీసింది. గౌనుకు తుడిచింది. రేకును దాని మీద పెట్టి నాలుగు అంచులూ చూసింది. సరిపోతే దొంతర మీద పెట్టి, అరచేత్తో నొక్కి నవ్వింది. సరిపోకపోతే వెనక్కి విసిరింది.

సరళాదేవి గుండె కుదుటపడలేదు. ఇంకో అనుమానం లేచింది.

"నా బిడ్డతోని పని చేయించుకుంటున్నవా భూమవ్వా?"

"పనా? మంచిగ చెప్పినవ్ దొర్సానీ!" భూమవ్వ చాట దించింది. "ఎనుక జూడు, ఎన్ని ఆకులు పారేసిందో. అన్ని సక్కటియే. బీడీలు లెక్కజూసి తీస్కునే మా సేటన్న జర అటిటు ఒప్పుకుంటడు, ఈమె దగ్గర మాఫీ లేదు. మీ అత్తమ్మ మొకం జూసి ఊకున్న."

సరళాదేవి అత్తగారి వైపు తిరిగింది. "మీరు గుడి అని ఎందుకన్నరు?"

"ఏమనాలె మరి?" తారాబాయి గొంతు తగ్గించింది. "మొదాలు నేను ఈమెకు ఎరుకైన గా శివసత్తు మళ్ల ఎప్పుడొస్తదో అడుగనీకెనే వచ్చిన. అబద్ధమెందుకు. నేను మాట్లాడుతుంటే ఇది ఆకులకాడ కూసున్నది. లేపితే లెవ్వలే. అట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే బిడ్డా. శివసత్తు ముచ్చటే ఇడిసిన. గని దొరలింటి పిల్ల బీడీల ఆకు వట్టిందని మీ మామకు తెలిస్తే? గడీ, భూములు ఇడిసి ఊర్లకెల్లి వచ్చినంక మనకు మిగిలింది గా దొరలన్న పేరొక్కటే."

సరళాదేవి వంగి సుజల మణికట్టు పట్టుకుంది. "నడు, ఇంటికి పోదాం."

సుజల అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది. దొంతర కూలింది. సరళాదేవి చెయ్యి వదిలేసింది. అరుపు వెంటనే ఆగలేదు. చాలాసేపటికి సుజల ఒక ఆకు తీసి, గౌనుకు తుడిచి, మళ్లీ మొదలుపెట్టింది.

సరళాదేవి నిలబడే చూసింది. గోడవారగా తంబాకు కుప్ప. ఆ వాసన ఇదే.

"గా తంబాకు అవతల అరుగు మీద పెట్టు భూమవ్వా. దీని చెయ్యి దానికి తగులొద్దు."

"తంబాకు లేకుంట బీడీ ఎట్లయితది, గడ్డితోనా?"

"నువ్వు అరుగు మీద చుట్టుకో. పిల్ల ఆకులకాడనే ఉంటది. పోయేటప్పుడు సబ్బుతోని చేతులు కడుగుత."

భూమవ్వ గొణుక్కుంటూ తంబాకు కుప్పను చాటలోకి ఎత్తుకుని బయటికి నడిచింది. సరళాదేవి చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చుంది. కత్తెర అందుకుని ఒక ఆకు కత్తిరించి గోనె మీద పెట్టింది. సుజల రేకు పెట్టి చూసింది. వెనక్కి విసిరింది.

"చూసినవా, బి.ఏ. ఆకు గూడ పనికి రాలే!" అరుగు మీద నుంచి భూమవ్వ నవ్వింది.

"లే సరళా, మీ మామ లేచే యాళ్లయింది" అంది తారాబాయి.

"లేవనియ్యిండ్రి. నేనే చెప్త. రేపటి సంది ముందటి వాకిట్లకెల్లే వస్తం."

"ఒప్పుకోడు బిడ్డా."

"ఒప్పుకోకున్నా వస్తం."

ఈసారి ఈనె పక్కగా, నెమ్మదిగా కత్తిరించింది. సుజల రేకు పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అదీ వెనక్కి పోయింది. తర్వాత తల ఎత్తకుండానే, తల్లి ముఖం చూడకుండానే, ఇంకో ఆకు కోసం చెయ్యి చాపింది.

సరళాదేవి మళ్లీ కత్తెర తీసుకుంది.