ఫ్యాను పక్కన పచ్చ చుక్క

మగ్గం మీద నాడె నూలు లాక్కుంటూ కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పోతోంది. అలివేలు చేతులు చీర అంచు మీద ఉన్నా, చెవులు మాత్రం మగ్గం గుంట గట్టున పెట్టిన ఫోను మీదే ఉన్నాయి. పెబ్బేరు సంత రోజు సాయంత్రం ఆమెతో మాట్లాడడం దండగని గద్వాలలో ఆ సందంతటికీ తెలుసు.

ఆమె భర్త బాలకిష్టయ్య బండ్ల ఎలక్ట్రీషియన్. సంతకు పశువులను తెచ్చే బండ్ల లైట్లు, హారన్లు బాగుచేసి వస్తాడు. నిరుడు గుండెపోటు వచ్చినప్పుడు, ఒంటరిగా బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన తలూపి వచ్చాడు. తలూపడంలో ఆయనను మించినవాడు లేడు.

పైగా మూలనపడ్డ పెట్రోలు వ్యాను ఇంజను పీకేసి మోటారు, బ్యాటరీలు పెట్టాడు. బ్యాటరీ వేడెక్కుతోందా, కరెంటు ఎటు పోతోంది అని కనిపెట్టేందుకు అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు బిగించి, స్టీరింగు పక్కనున్న చిన్న తెరకు వైరు లాగాడు.

"నీకు తెల్వనీకె తెర పెట్టుకుంటివి. ఇంట్ల ఉన్న నాకెట్ల తెలుస్తది?" అంది అలివేలు.

ఆ మాట ఆయనకు తగిలింది. వైర్‌లెస్ కూడా కలిపాడు. బండి సందులోకి రాగానే ఆమె ఫోను టింగుమంటుంది. ఫోను తెర మీద మూడు వరుసలు: బ్యాటరీ, మోటారు, ఫ్యాను. ఏది నడుస్తుంటే దాని పక్కన పచ్చ చుక్క. తెర ఆరిపోకుండా కూడా ఆయనే చూశాడు. ఇంటి ముందు బండి ఆపాక, చిన్న ఫ్యాను వేసుకుని కాసేపు సీటులోనే కూర్చోవడం ఆయన అలవాటు.

"ఫ్యాను తిరుగుతుందంటె నేనున్నట్టే. పరేషాన్ గాకు," అన్నాడు.

ఈరోజు పొద్దు వాలకముందే ఫోను టింగుమంది. అలివేలు మనసు కుదుటపడింది. మోటారు పక్కన చుక్క ఆరి, ఫ్యాను పక్కన వెలిగింది. 'వచ్చిండు మహారాజు' అనుకుంటూ లేచి చాయ్ పెట్టింది. చాయ్ మరిగినా ఆయన రాలేదు. ఫోను చూసింది. చుక్క ఉంది. మళ్లీ గుంటలోకి కాళ్లు దించి, నేస్తున్న పువ్వు పూర్తిచేసింది. మళ్లీ చూసింది. ఉంది.

"ఏమయ్యా, చాయ్ సల్లగైతుంది!" అని కేకేసింది. విసుక్కుంటూ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లింది.

బాలకిష్టయ్య సీటుకు తల ఆనించి ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. ఫ్యాను గాలికి నెరిసిన జుట్టు కదులుతోంది. లేపుదామని చేయి పట్టుకుంది. అది ఆమె పట్టులోంచి జారి ఆయన ఒళ్లోనే పడింది.

"గిట్ల జేస్తవా నన్ను? ఇంటిదాంక వచ్చి దిగకపోతివి గదయ్యా!"

కోపం ముందొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఇల్లు చేరాడు, బండి ఆపాడు, ఫ్యాను వేశాడు. ఆమెకు చెప్పాల్సింది చెప్పే పోయాడు.

ఎదురింటి వెంకటన్న, ఇంకొందరు కలిసి ఆయనను లోపలికి మోసుకెళ్లారు. వెంకటన్న వ్యాను దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఫ్యాను బంద్ జెయ్యనా వదినా?"

"వద్దు. ఉండనీ."

మగ్గం గుంట గట్టున ఫోను పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని తెర మీద, ఫ్యాను పక్కన, పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది.