మునాఫ్ వస్తాడు: ఒకటికి నలభై

ఎడారి దేశంలోని షుఐబా లేబర్ క్యాంపులో ఫుట్‌బాల్ పందెం కార్డులు దొంగచాటుగా రెండు చోట్ల దొరికేవి. మంగలి షాపులో ఒకటి, చాయ్ కొట్టులో ఒకటి. కార్డు మీద నాలుగు ఆటలుంటాయి. నాలుగింటిలోనూ గెలిచేదెవరో సరిగ్గా చెప్పాలి. ఒక్కటి తప్పినా డబ్బు పోయినట్టే.

ఏ కార్డు కొనాలో తేలనివాళ్లు మహేష్ దగ్గరికొచ్చేవాళ్లు. రాయచోటి పక్క పల్లెవాడు, ప్లాంటులో పరంజాలు కట్టే పని. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూసేవాడు కార్డుని.

"మంగలోడు ఒకటికి పది ఇస్తాడు, చాయోడు తొమ్మిదే. అయినా చాయోడిదే మేలు. ఆట సమానమైతే మంగలోడి కాడ కార్డు ఖలాస్. చాయోడు ఆ ఒక్క ఆట కొట్టేసి, మిగతా మూడిటికి లెక్క కడతాడు."

"పెండ్లికి ముందు గూడా ఇట్లే ఇద్దరు పిల్లల్ని పోల్చి చూసినావా అన్నా?" అని రెచ్చగొట్టేవాడు అసిఫ్. రూములో అందరికన్నా చిన్నవాడు.

"మీ వదినే నన్ను చూడాల్సిందిరా. చూడక మోసపోయింది." నవ్వులు ఆగాక మహేష్ అసలు మాట చెప్పేవాడు. "పందెం రాసేవాడు పిచ్చోడు కాదబ్బా. జరగదని నమ్మినదానికే ఎక్కువ ఇస్తాడు. జరిగేదానికి చిల్లర ఇస్తాడు."

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం బయట పని ఉండదు. ఆ రోజు దుమ్ము లేచి ఎదురుగా ఉన్న రూములే కనబడటం లేదు. నీళ్లు పట్టుకొద్దామని వెళ్లిన మహేష్‌కి, ట్యాంకర్ నీడలో గొంతుక్కూర్చున్న ముసలాయన ఎదురయ్యాడు. తలకు గుడ్డ, ముందు కార్డులు. క్యాంపంతా వేలెడు దుమ్ము పేరుకుంది గాని, ఆ కార్డుల మీద రేణువు లేదు.

"రా నాయనా. ఆ ఇద్దరి కార్డులూ చూసినావు గదా, ఇదీ చూడు."

అచ్చం తన ఊరి మాట. కార్డు మీద ఆటలు లేవు. తెలుగులో ఒకటే వరుస.

*మునాఫ్, ఈ పొద్దు సాయంత్రం షిఫ్టు. వస్తాడు: ఒకటికి నలభై. రాడు: పదికి పదకొండు.*

మునాఫ్ వాళ్ల రూమువాడే. చమురు ట్యాంకుల్లోకి దిగి అడుగు మడ్డి ఎత్తే పని. ఇంకొకడైతే ఆ కార్డు చూసి నవ్వుకుని పోయేవాడు. మహేష్‌కి కార్డు చదవడం వచ్చు. మునాఫ్ ఆ షిఫ్టు నుంచి తిరిగి రాడని రాసినవాడి నమ్మకం.

"ఏంది తాతా ఇది?"

"పందెం. ఏ పక్క?"

జేబులోంచి దినార్ నోటు తీసి 'వస్తాడు' మీద పెట్టాడు. రూముకి పరుగెత్తాడు.

మునాఫ్ బూట్లు వేసుకుంటున్నాడు.

"మునాఫన్నా, ఈ పొద్దు పోవద్దు."

"పోకుంటే జీతం నీ మామ ఇస్తాడా? నలుగురం లేకుంటే ట్యాంకులోకి దిగనీరు, నీకు తెల్దా?"

చెప్తే నమ్మడు. మహేష్ గుండె పట్టుకుని మంచం మీద వాలిపోయాడు. మునాఫ్ బూట్లు విసిరేసి, "యా అల్లా!" అంటూ అతన్ని భుజానేసుకుని టాక్సీలో అహ్మది ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు ఏమీ లేదన్నాడు. దారి పొడుగునా మునాఫ్ తిడుతూనే ఉన్నాడు. "గ్యాసుకు నా షిఫ్టు మింగినావు గదరా!" ఆ తిట్లు మహేష్‌కి పాలకోవా తిన్నట్టున్నాయి.

తిరిగొచ్చేసరికి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడుతోంది. మునాఫ్ రూముకి వెళ్లాడు. మహేష్ ట్యాంకర్ దగ్గరికి పోతే ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. అడక్కముందే రెండు ఇరవై దినార్ల నోట్లు చేతిలో పెట్టాడు.

గెలిచినవాడికి డబ్బులివ్వాలంటే మంగలోడు రెండు రోజులు మూలుగుతాడు. ఈయన పిల్లకు కట్నం చదివించినట్టు చదివించాడు. మహేష్‌కి అది నచ్చలేదు.

"ఏం తాతా, నష్టపోయినా నవ్వుతాండావు?"

"నాకేం నష్టం నాయనా? నాకు కావాల్సింది నాకు వచ్చె."

అప్పుడే మునాఫ్ రూము గుమ్మంలోంచి కేకేశాడు. "మహేషూ! నా బదులు అసిఫ్‌గాన్ని తీస్కపోయినారంట! మనిషి తక్కువైనాడని, ఫోర్‌మన్ ఆ పిల్లోన్ని బస్సెక్కించినాడంట!"

మహేష్ ఆ రెండు నోట్లూ ముసలాయన ఒళ్లో పడేశాడు. జేబులో ఉన్నది కూడా తీసి వాటి మీద పెట్టాడు.

"అసిఫ్ వస్తాడు. దానికి రాసుకో. నాకేం ఇయ్యొద్దు, ఉత్తగా రాసుకో చాలు."

ముసలాయన నోట్లు ఒక్కొక్కటే మడిచి మహేష్ చేతికే తిరిగి ఇచ్చాడు. కార్డులన్నీ ఒకచోట చేర్చాడు.

"అన్నీ తెలిసినోనివి, నువ్వే ఇట్ల అడిగితే ఎట్ల నాయనా? అయిపోయిన ఆటకు ఎవురన్నా పందెం రాసుకుంటారా?"